మా అత్తమ్మ తెచ్చిన గంగరాళ్ళు

యాత్రకు పోయినవాళ్ళు చెంబులో గంగనీళ్ళు తెస్తారు. మా అత్తమ్మ మాత్రం కొంగున రెండు రాళ్ళు కట్టుకొచ్చింది.

నేను కొత్తకోడలిగా మక్తల్‌లో అడుగుపెట్టిన ఏడాదే ఆమె బదరీ పోయి వచ్చింది. తీర్థం కోసం వచ్చిన వాడకట్టు ఆడవాళ్ళు ఆ రాళ్ళను కళ్ళకద్దుకుని బొట్టు పెట్టబోయారు. అత్తమ్మ వాళ్ళ చేతులు పక్కకు నెట్టింది.

"దేవుడు కాదు, ఉత్త రాయే. గా మంచుకొండల కాడ గంగ పాల లెక్క తెల్లగుంటది. పేరుకున్న మంచు జారుకుంట కొండను ఇసుర్రాయి తీరు ఇసురుతది. గా పిండే నీళ్ళల్ల కలుస్తది," అంటూ కుడిచేత్తో గాలిలో తిరగలి తిప్పింది.

అంచులు తేలిన రాయి మంచు దగ్గర ఏరిందట. కోడిగుడ్డులాంటి నున్నటి రాయి, బాగా కిందికి దిగాక రిషికేశ్‌లో ఏరిందట.

"రెండూ గా కొండలయే. నీళ్ళు దొర్లిచ్చి దొర్లిచ్చి దీన్ని గిట్ల చేసినయి."

అప్పటి నుంచి ఇంట్లో ఎవరు పోట్లాడుకున్నా చెయ్యి అట్లాగే తిప్పి, "దొర్లనియ్యి, నున్నగైతది," అనేది.

నాకా, నోరెక్కువ. ఒకనాడు పప్పులో ఉప్పు దగ్గర ఆమెకూ నాకూ మాటా మాటా పెరిగింది. అత్తమ్మ లోపలికి పోయి, అంచుల రాయి తెచ్చి నా పీట పక్కన పెట్టింది.

నాకు ఒళ్ళు మండింది. "నేను గీ రాయినైతే, గా నున్నటి రాయి నువ్వా అత్తమ్మా?"

ఆమె తీరుబడిగా తిరగలి తిప్పింది.

"నేను రాయినెందుకైత బిడ్డా? నేను నీళ్ళను."