కుడిచేయి నా డ్యూటీ

కరెంటు ఇచ్చేటప్పుడు రోగి కుడిచేయి పట్టుకోవడం నా డ్యూటీ. ఎడమచేయి ఆయా పట్టుకునేది, కాళ్ళు ఇద్దరు వార్డుబాయ్‌లు. ముంబై దగ్గర భివండిలో, మేడమీద పది మంచాల చిన్న పిచ్చాసుపత్రి అది. మేం నర్సింగ్ హోమ్ అనేవాళ్ళం, ఊరు మాత్రం ఆ గౌరవం ఇచ్చేది కాదు. మత్తు ఇచ్చే డాక్టరు లేడు. తొంభైలలో చాలాచోట్ల అంతే. మెలకువగా ఉన్న మనిషి నోట్లో రబ్బరు ముక్క పెట్టి నలుగురం పట్టుకుంటే, డాక్టరు బటన్ నొక్కేవాడు.

నేను ఆ ఊళ్ళోనే, తెలుగు నేతపనివాళ్ళుండే పద్మనగర్‌లో పుట్టినదాన్ని. అమ్మానాన్నలిద్దరూ మరమగ్గాలు నడిపేవాళ్ళు. మేం వాటిని సాంచాలు అంటాం. కార్ఖానాలో ఆ చప్పుడుకి నోటిమాట పనికిరాదు, అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. దారం తెగిందన్నా, చాయ్ వచ్చిందన్నా, సేఠ్ వస్తున్నాడన్నా ఒక్కో సైగ. అరచేయి కిందికి తిప్పి రెండుసార్లు అదిమితే సాంచ ఆపమని. నర్సింగ్ చదువుకుని తెల్లబట్టలు వేసుకుంటే ఆ చప్పుడు తప్పుతుందనుకున్నాను. తీరా చూస్తే ఆస్పత్రి గోడ అవతల కూడా కార్ఖానానే. నా రాత అలా ఏడ్చింది.

ఆ రోజుల్లో మా దగ్గర చేరిన ఒక రోగికి ఇరవై ఆరేళ్ళు. సాంచాల పనే. స్కిజోఫ్రెనియా. చప్పుడులోంచి తనను తిట్టే గొంతులు వినిపించేవి. అన్నంలో విషం కలిపారని తిండి మానేసి పదిరోజులైంది. మందులు ఉమ్మేసేవాడు. చెంపలు లోపలికి పోయాయి. కరెంటు ఇవ్వకపోతే దక్కడని డాక్టరు చెబితే, వాళ్ళన్న కాగితం మీద సంతకం పెట్టాడు. పెట్టి నన్ను వరండాలోకి పిలిచాడు.

“చెల్లే, కరెంటని చెప్పకు. బలానికి సూది అని చెప్పు. నువ్వు మనోళ్ల పిల్లవు, నీ మాటింటడు.”

నిజంగానే విన్నాడు. ఆస్పత్రిలో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మిగతావాళ్ళు ఏం చెప్పినా గోడవైపు తిరిగేవాడు, నేను చెబితే తల ఊపేవాడు. ఆ పొద్దున నీళ్ళు కూడా తాగొద్దంటే తాగలేదు. తాయెత్తు తీయమంటే తీసి నా చేతిలో పెట్టాడు.

“బలమస్తదా అక్కా?” అని అడిగాడు. వస్తుందన్నాను.

బల్లమీద పడుకోబెట్టి, నోట్లో రబ్బరు పెట్టి, కణతలకు ఉప్పునీళ్ళ తడి అద్దేసరికి అతనికి అనుమానం వచ్చింది. అరవడానికి నోరు లేదు. నేను పట్టుకున్న చేయి నా పట్టులోనే తిరిగి, అరచేయి కిందికి పెట్టి రెండుసార్లు అదిమింది. ఆపమని.

ఆ గదిలో ఆ సైగ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నేను పద్మనగర్ మనిషినని అతనికి తెలుసు, అందుకే నా ముఖంలోకే చూస్తున్నాడు. “సిస్టర్, ఠీక్ సే పకడో” అన్నాడు డాక్టరు. ఇంకా గట్టిగా పట్టుకున్నాను. ఆయన బటన్ నొక్కాడు.

తర్వాత పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోరు తుడిచి, కళ్ళు తెరిచేదాకా దగ్గరే కూర్చున్నాను. అలా లేచినవాళ్ళకు తామెక్కడున్నదీ తెలియదు, మెల్లగా చెప్పాలి. “ఇది దవాఖాన. మీ అన్న బయట ఉన్నడు. నేను సిస్టర్‌ను” అన్నాను.

“ఏమైందక్కా? తల పగిలిపోతాంది” అన్నాడు. పొద్దున జరిగినదేదీ అతనికి గుర్తులేదు. హమ్మయ్య అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

రెండురోజుల తర్వాత మళ్ళీ అదే అబద్ధం చెప్పాను. కొత్తగా విన్నట్టే విని, బలమొస్తుందా అనే అడిగాడు. బల్లమీద మళ్ళీ అదే సైగ. మూడోసారీ అంతే. దాని తర్వాత గ్లాసెడు పాలు తాగాడు, అదీ అతని ఎదుట నేను కలిపితేనే. వాళ్ళన్న సంతోషంతో ఏడ్చాడు. నాకు మాత్రం ఇంట్లో అన్నం కలుపుకుంటున్నా ఆ రెండు అదుములు చేతికి తెలుస్తూనే ఉండేవి. ఉన్న సంగతి అతనికి చెబుదామని డాక్టరును అడిగాను.

“చెబితే బల్లెక్కడు. ఇప్పుడాపితే మళ్ళీ తిండి మానేస్తాడు. ఏం చేద్దామో నువ్వే చెప్పు” అన్నాడు హిందీలో. మంచి మనిషే, ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

నాలుగోసారి పొద్దున అతని మంచం మీద కూర్చున్నాను. సూది మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను.

“ఇది సూది కాదు. తలకు కరెంటు పెడతరు. ఇప్పటికి మూడుసార్లు పెట్టిండ్రు. మూడుసార్లూ నువ్వు ఆపుమని సైగ చేసినవ్. నేను ఆపలే.”

అతను తన చేతిని చూసుకున్నాడు. “ఇయ్యాల చేస్తే ఆపుతవా?” అన్నాడు.

ఆపుతానంటే నిశ్చింతగా వచ్చేవాడు. మధ్యాహ్నానికి ఎలాగూ మరిచిపోతాడు. ఆ లెక్క నాకు క్షణంలో తట్టింది, తట్టినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

“ఆపలేను. నేను చెయ్యి ఇడిస్తే ఇంకొకలు పడతరు” అన్నాను.

అతను కిటికీ ఊచలవైపు చూశాడు, తలుపు దగ్గర నిలబడ్డ వార్డుబాయ్‌వైపు చూశాడు. తర్వాత తాయెత్తు తనే విప్పాడు.

“గట్లయితే నువ్వే పట్టుకో అక్కా. వేరేటోళ్లకు ఇయ్యకు.”

ఆ రోజు బల్లమీద ఏ సైగా చేయలేదు. నా వేళ్ళలో వేళ్ళు పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

లేచాక ఏమైందని మామూలుగానే అడిగాడు. నన్నే పట్టుకోమన్న మాట కూడా అతని దగ్గర మిగల్లేదు. ఆరుసార్లు పూర్తయ్యేసరికి అన్న తెచ్చిన డబ్బాలోంచి అన్నం తిన్నాడు. కానీ ఐదోసారికి ముందు, ఆరోసారికి ముందు నేను మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. రెండుసార్లూ ఆపుతావా అని అడిగాడు. రెండుసార్లూ ఆపలేనన్నాను.