స్లయిడ్ల మూలన ఇప్పపువ్వు

నేను అరిస్తే కంప్యూటర్ జడుసుకుని, మా సంఘం గుర్తును స్లయిడ్లన్నిటిలో ఒక్క దెబ్బకు మార్చేసిందని మా ఆఫీసులో చెప్పుకుంటారు. కొత్తగా ఎవరొచ్చినా టీతోపాటు ఈ కథ కూడా పోస్తారు. అరిచిన మాట నిజమే. అరిచింది మాత్రం కంప్యూటర్ మీద కాదు, దాని ముందు కూర్చున్న మనిషి మీద.

దుమ్ముగూడెం వైపు ఊళ్లలో ఆడవాళ్లు అడవి నుంచి తెచ్చే తేనె, ఇప్పపువ్వు అమ్మిపెట్టే సంఘం మాది. భద్రాచలం ఆఫీసు పని నేను చూస్తాను. చాలా ఏళ్లు మా సరుకంతా ఖమ్మం వ్యాపారి ఒకాయనే కొని, తన పులి బొమ్మ వేసుకుని అమ్మాడు. ఇక మనమే అమ్ముకుందామని సభ్యులు తీర్మానించి, ఇప్పపువ్వును గుర్తుగా ఎంచుకున్నారు. నేను అరిచిన రోజు మధ్యాహ్నమే ఖమ్మంలో పెద్ద దుకాణాల వాళ్లతో మా మొదటి సమావేశం. మా దగ్గరున్న స్లయిడ్లు ఆ వ్యాపారి ఆఫీసులో తయారైనవి. ఫోటోలు మావి, ఊళ్లు మావి, మూలన కూర్చున్న పులి ఆయనది. అది కనపడిందా, వీళ్లు ఇంకా ఆయన మనుషులే, బేరం ఆయనతోనే చేద్దాం అనుకుంటారు. మేము టీ తాగి తిరిగి రావాల్సిందే.

లెక్కలు చూసే మా సహోద్యోగి పొద్దుటి నుంచి ఆ పులితో కుస్తీ పడుతున్నాడు. ఎంత నొక్కినా అది చేతికి చిక్కడం లేదు. దాంతో ఒక్కో స్లయిడ్‌లో పులి మీద తెల్ల చదరం పెట్టి, దాని మీద ఇప్పపువ్వు అతికిస్తున్నాడు. మా సీసాల అలవాటే ఇదీ. పాత లేబుల్ గీకే ఓపిక లేక దాని మీదే కొత్తది అంటించేస్తాం.

"తోక కనవడుతుంది తమ్మీ," అన్నాను.

"గంత దూరం నుంచి తోకనెవలు చూస్తరక్కా?"

"నేను చూసిన గద! కొనేటోళ్లకు కండ్లు లేవా ఏంది?"

"నేనేం జెయ్యాలె? అది స్లయిడ్లనే అచ్చయిపోయింది."

"అట్లనా? అయితే ఒక కొత్త స్లయిడ్ తియ్యి."

విసుక్కుంటూనే తీశాడు. ఒక్క అక్షరం లేని ఖాళీ స్లయిడ్. మూలన మాత్రం పులి!

ఎవరూ పెట్టకుండానే వచ్చిందంటే అది స్లయిడ్ల మీద లేదు, అన్నిటికీ మూలమైనది వేరే ఎక్కడో ఉంది. మెనూలన్నీ వరసగా తెరిపించాను. వ్యూ అనే మెనూ కింద స్లయిడ్ మాస్టర్ అని కనపడింది, స్లయిడ్లన్నిటికీ మూల నమూనా అన్నమాట.

"దాన్ని ముట్టకక్కా, మొత్తం ఖరాబైతది."

"ఇప్పుడేమన్న మంచిగున్నదా? నొక్కు!"

ఇంతలో మా సంఘం అధ్యక్షురాలు గుమ్మంలోంచి తొంగిచూసి, "ఖమ్మం వొయ్యే బండాయన కొట్లాటకొస్తుండు, జల్దీ రాండ్రి," అంది.

మాస్టర్ తెరుచుకోగానే ఎడమ పక్క పేర్చి ఉన్న నమూనా స్లయిడ్లలో అన్నిటికంటే పైనున్న పెద్దది నొక్కించాను. అక్కడ పులి ఠక్కున దొరికింది, చుట్టూ చుక్కలతో సహా. దాని జాగాలో ఇప్పపువ్వు పెట్టి మళ్లీ మా స్లయిడ్లలోకి వచ్చాం. ఒక్కో స్లయిడ్ కిందికి జరుపుతుంటే పువ్వు, పువ్వు, పువ్వు! నేను కేక వేసి మా వాడి వీపు మీద ఒకటి చరిచాను. అధ్యక్షురాలు లోపలికి పరుగెత్తుకొచ్చి, "మల్లొకసారి తిప్పు, మల్లొకసారి!" అని మొదటి నుంచి చూసింది. మా వాడు అంతకుముందు అతికించిన తెల్ల చదరాలను మాత్రం ఒక్కొక్కటిగా పీకేయాల్సి వచ్చింది. ఒక్క దెబ్బకు అనేవాళ్లు ఇది చెప్పరు.

ఖమ్మంలో తెర వెలగ్గానే ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషి, "ఈ పువ్వు ఎవరిది? ధర ఎవరితో మాట్లాడాలె?" అని అడిగాడు.

మా అధ్యక్షురాలు లేచి నిలబడి, "మాదే. నాతోటి మాట్లాడుండ్రి," అంది. మాట్లాడారు. మొదటి ఆర్డర్ అక్కడే రాయించుకుని వచ్చాం.

ఒక్కటి మాత్రం నాకు ఇప్పటికీ తేలలేదు. విడిపోయిన రోజున ఆ వ్యాపారి ఆఫీసు వాళ్లు నవ్వుతూ మాకు ఆ ఫైలు ఇచ్చారు. పులిని ఎక్కడ పెట్టారో వాళ్లకు తెలుసు. ఆ ఒక్క మాట ఎందుకు చెప్పలేదు? మరిచిపోయారా, లేక మేము తిరిగి ఆయన గుమ్మంలోకే వస్తామనుకున్నారా?