బావ కొత్త చెయ్యి

గజపతినగరంలో నాది మోటార్లు వైండింగ్ చేసే చిన్న షాపు. రైతులు కాలిపోయిన బోరు మోటార్లు తెస్తారు. విప్పి, మాడిన రాగి తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పట్టించి ఆరబెట్టి ఇస్తాను. పదహారేళ్ళుగా ఇదే పని. మోటారన్నాక నాకు అర్థం కానిది ఉండదని లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది. మొన్న వేసవిలో మా బావ తన కుడిచెయ్యి ఊడదీసి నా బల్ల మీద పెట్టాడు. ఆ రోజుతో ఆ గర్వం పోయింది.

బావంటే మా పెద్దత్త కొడుకు. నాకంటే రెండేళ్ళు పెద్ద. పంతొమ్మిదో ఏట సైన్యంలో చేరి హవల్దారు అయ్యాడు. కిందటేడు సరిహద్దులో గొడవ జరిగినప్పుడు, అవతలి నుంచి వచ్చిన డ్రోను ఒకటి వాళ్ళ పోస్టు పక్కనే పేలింది. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి మోచేతి కింద నుంచి తీసేశారు.

సైన్యం ఆసుపత్రికి అత్తను నేనే తీసుకెళ్ళాను. రెండు రోజుల రైలు ప్రయాణం. తీరా మంచం దగ్గరికి వెళ్ళాక కట్టు వైపు చూడకుండా కొడుకు మొహమే చూస్తూ అడిగింది.

"కొట్టినోడు ఎవుడురా? ఆడి ముకం సూసేవా?"

"అక్కడ మనిషెవుడూ నేడమ్మా," అన్నాడు బావ. "ఆడెక్కడో గదిలో కూకుని టీవీలాటి దాంట్లో నన్ను సూసేడు. నాకు సౌండొక్కటే ఇనబడింది."

"మనిషి నేకండా దెబ్బెలగ తగుల్తాదిరా?"

అత్తకి తెలిసిన పోట్లాట గట్టు దగ్గర కర్ర పట్టుకుని ఎదురుగా నిలబడేది. వందల మైళ్ళ అవతల ఒకడు వేలితో నొక్కితే ఇక్కడ మన మనిషి చెయ్యి పోవడమేమిటో ఆమెకి ఎలా చెప్పాలి?

గాయం మానడానికీ, కొత్త చెయ్యి అమర్చి నేర్పించడానికీ నెలలు పట్టింది. మొన్న వేసవిలో బావ సెలవు మీద ఇంటికొచ్చాడు. వచ్చిన మూడో రోజు పొద్దున్నే ఆటో దిగి షాపులోకి వచ్చాడు. పొడుగు చేతుల చొక్కా, కుడిచేతికి నల్లటి గ్లోవు. ఎదురు కొట్టు నుంచి టీ తెప్పించాను. కాగితం గ్లాసు కొత్త చేత్తోనే అందుకున్నాడు. వేళ్ళు ఒక్కొక్కటే వంగి గ్లాసు చుట్టూ చేరాయి. నేను నోరు తెరిచి చూస్తుండగానే గ్లాసు నలిగిపోయి టీ అంతా ప్యాంటు మీద ఒలికింది.

"దీనికే వచ్చేనురా," అన్నాడు తుడుచుకుంటూ. "ఊరొచ్చిన కాడ్నుంచీ ఇలగే సేస్తన్నాది. అమ్మ ఇత్తనానికి సెనక్కాయలు వలస్తంటే నానూ కూకున్నాను. పట్టిన కాయల్లా పిండైపోతన్నాది. కొంచెం లూజు సేసి పెట్టు."

చెయ్యి ఊడదీసి బల్ల మీద పెట్టాడు. పక్కనే అయిదు హార్స్‌పవర్ల మోటారు విప్పి ఉంది, ఇద్దరు పట్టి లేపాల్సినంత బరువు. గ్లోవు తీసి చూశాను. వేళ్ళ మొదట్లో వేలికో మోటారు, నా చిటికెన వేలి కణుపు కంటే చిన్నది. దాని తీగ తల వెంట్రుక కంటే సన్నంగా ఉండాలి. అలాంటి తీగ ఏ మనిషి చుట్టగలడు? మోచేతికి తగిలించే తొడుగు లోపలి వైపు చొక్కా బొత్తాల్లాంటి రెండు లోహపు బిళ్ళలున్నాయి.

"స్విచ్చెక్కడ బావా?"

"నేదురా. ఆ బిళ్ళలు నా చర్మానికి ఆనుకుని ఉంటాయి. మణికట్టు లోపలికి ముడవాలని అనుకుంటాను. మోచేతి కాడ కండ కదుల్తాది. అది సూసి వేళ్ళు ముడుసుకుంటాయి."

"మణికట్టే నేదు కదా?"

"అనుకోడానికి ఉండక్కర్లేదంట," అని నవ్వాడు. ఆసుపత్రి తర్వాత బావ నవ్వగా చూడడం అదే మొదలు.

లేని మణికట్టును మనసులో ముడిస్తే ఉన్న మోటారు తిరుగుతోంది. స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకున్నాను. మళ్ళీ కింద పెట్టేశాను.

"నా వల్ల కాదు బావా. ఇచ్చినోళ్ళకే ఫోన్ చెయ్యి."

బెంగుళూరు నుంచి ఒక అమ్మాయి వీడియోలోకి వచ్చింది. ఇంజనీరట, పాతికేళ్ళుంటాయేమో. ఇద్దరూ హిందీలో మాట్లాడుకున్నారు. బావ నాకు చెబుతూ వచ్చాడు. మన దగ్గర ఉక్క ఎక్కువ, చెమట పట్టి బిళ్ళలు కండ కదలికను తప్పుగా చదువుతున్నాయంది. మోచెయ్యి పొడిగుడ్డతో తుడిచి తొడుక్కోమంది. ఫోన్లో ఒక యాప్ తెరవమంది. తెర మీద రెండు గీతలు పాకసాగాయి. బావ తలచుకున్నప్పుడల్లా ఒక గీత కొండలా లేస్తోంది. మా బావ అనుకోవడం నేను కళ్ళారా చూశాను. అదే గీత అక్కడ ఆమెకీ కనిపిస్తోందట.

ఆమె ఏదో అని నవ్వింది.

"ఏటంటన్నాది?"

"మరీ గట్టిగా అనుకుంటన్నానంట. మెల్లగా అనుకోవాలంట."

ఆమె అక్కడ ఏదో మార్చింది. ఇక్కడ వేళ్ళు ముందుకంటే నిదానంగా ముడుచుకున్నాయి. ఇంకొంచెం మార్చింది. ఈసారి పసిపిల్ల గుప్పిడి మూసినట్టు మూసుకున్నాయి. నా షాపులోకి అడుగు పెట్టకుండానే, నా బల్ల ముందు కూర్చున్న మనిషి చెయ్యి బాగుచేసింది.

ఫోన్ పెట్టేశాక బావ ఆ వేళ్ళు ఒకసారి ముడిచి తెరిచాడు.

"నన్ను కొట్టినోడూ ఇలగే కూకుని ఉంటాడ్రా," అన్నాడు. "ఏదో గదిలో. తెర ముందర."

షాపు మూసి బావను బండి మీద ఇంటికి తీసుకెళ్ళాను.

మధ్యాహ్నం అత్త అరుగు మీద వేరుశనగ విత్తనం కాయలు వలుస్తోంది. విత్తనానికి మిషను పట్టించదు. పప్పు బద్దలైతే మొలవదని చేత్తోనే వలుస్తుంది. బావ ఎదురుగా కూర్చుని కొత్త చేత్తో ఒక కాయ తీశాడు. టప్పున నలిగిపోయింది. రెండోదీ అంతే. అత్త చూడనట్టు తన పని తను చేసుకుంటోంది. అలా ఎన్ని కాయలు పోయాయో. బావ నుదుటి మీద చెమట చూసి నేను తువ్వాలుతో మోచెయ్యి తుడిచాను. కళ్ళు మూసుకుని మళ్ళీ పట్టాడు. ఈసారి చిన్న చప్పుడుతో తొక్క మాత్రమే పగిలింది. ఎడమచేత్తో తొక్క తీశాడు. లోపల రెండు గింజలు, గులాబీ పొర కూడా చెదరలేదు.

అత్త ఒక గింజ అందుకుని వెలుగులో పట్టి చూసింది.

"గింజ ముక్కు ఇరగనేదు. మొలుస్తాది," అని విత్తనం రాశిలో వేసింది.

తర్వాత ఆ చెయ్యిని రెండు చేతులా పట్టుకుంది. ఇంటికొచ్చాక ఆమె దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి. వేళ్ళు ఒక్కొక్కటీ తడిమి, "సల్లగున్నాది," అంది. "దీన్తో అన్నం కలుపుకోవొచ్చేటి?" అని అడిగింది.

"తడి తగలకూడదమ్మా. అన్నానికి సెంచాయే."

అత్త తలాడించింది. ఇంకో దోసెడు కాయలు కొడుకు ముందుకు తోసింది. ఆ సాయంత్రంలోగా బావ రెండు పిడికిళ్ళ విత్తనం వలిచాడు. అందులో సగం బద్దలే. అవి వేయించుకుని తిన్నాం.

వానలు పడి విత్తనం వేశాక బావ తిరిగి పటాలానికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళకి, గాల్లో వచ్చే డ్రోను చప్పుడునీ తెర మీద దాని జాడనీ గుర్తుపట్టడం నేర్పే పని ఇచ్చారట. నెల తర్వాత నా ఫోన్‌కి ఒక వీడియో పంపాడు, అమ్మకి చూపించమని. మంచం అంచున కూర్చుని బూటు తాడు కట్టుకుంటున్నాడు. మొదటిసారి జారిపోతుంది. రెండోసారి ముడి పడినట్టే పడి విడిపోతుంది. మూడోసారి పడుతుంది.

అత్త సంతకి వచ్చినప్పుడల్లా షాపులోకి వచ్చి ఆ వీడియో పెట్టమంటుంది. మోటారు కోసం వచ్చిన రైతులను కూడా పిలిచి, "ఇదిగో, ఇక్కడ సూడండి," అని చూపిస్తుంది. ఇప్పటికి ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. అయినా మూడోసారి తాడు చుట్టేటప్పుడు, ముడి పడేదాకా ఊపిరి బిగబట్టుకునే చూస్తుంది. పక్కన నేనూ అంతే.