చెయ్యి తగలని వాద్యం

చెయ్యి తగలకుండా మోగే వాద్యాన్ని మీ ఎదుట పెడితే మీరు మొదట ఏం చేస్తారు? మూత విప్పి చూపించమంటారా, చెప్పులు విడిచి దండం పెడతారా? తొందరపడి జవాబు చెప్పకండి. తాము మొదటి రకమని గట్టిగా నమ్మిన పెద్దమనుషులు నా దుకాణంలో ఒక సాయంత్రం ఎలా ప్రవర్తించారో ముందు వినండి.

అది 1972. అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దగ్గరి సందులో నాకు గ్రామఫోన్ రికార్డుల దుకాణం ఉండేది. కొత్త సింగిల్ వస్తే, అంటే ఒక్కో వైపు ఒక్క పాట పట్టే చిన్న రికార్డు వస్తే, దాన్ని చేసినవాళ్లను పిలిపించి శ్రోతలతో మాట్లాడించేవాణ్ణి. ఆ శనివారం వచ్చింది ఇద్దరు. నర్సింగ్ నాంపల్లి స్టేషన్ దగ్గర రేడియోలు బాగుచేసే మనిషి. సువార్త సికింద్రాబాద్‌లో ఒక మిషన్ బడి సంగీతం టీచరు, చర్చిలో ఆర్గన్ వాయించేది. ఇద్దరిదీ కరెంటు సంగీతమే. ఆమెది ఎలక్ట్రిక్ ఆర్గన్. అతనిది సొంతంగా తయారు చేసుకున్న పెట్టె. అందులో ఆసిలేటర్ ఉంటుంది, కరెంటు నుంచి స్వరం పుట్టించే ఏర్పాటు. పెట్టె మీద నిలబెట్టిన ఏరియల్ కడ్డీకి చెయ్యి దగ్గరైతే స్వరం పైకి పోతుంది, దూరమైతే కిందికి దిగుతుంది. కడ్డీని తాకే పని లేదు.

సింగిల్ పేరు ‘వాన ముందర’. నేను దాన్ని వినిపించాక, రాబోయే ఎల్పీ గురించి చెప్పమన్నాను. ఎల్పీ అంటే చాలా పాటలు పట్టే పెద్ద రికార్డు.

“ఎల్పీ అంతా గీ పట్నం చప్పుడే సార్,” అన్నాడు నర్సింగ్. “నాంపల్లిల రైలు ఆగేటప్పుడు బ్రేకు అరుస్తది సూడున్రి, దాన్ని టేపు మీద పట్టినం.”

“పట్టిండంటే ఎట్లనుకున్నరు? పట్టాల పక్కన బోర్ల పండుకొని పట్టిండు,” అంది సువార్త. “పోలీసాయన ఉరికొచ్చి, సచ్చేటందుకు ఇంకో జాగా దొరకలేదారా అన్నడు. ఆ మాట గూడా టేపుల పడ్డది!”

అందరూ నవ్వారు. ముందు కుర్చీలో కూర్చున్న కాంట్రాక్టరు అందరికంటే గట్టిగా నవ్వాడు. ఎల్పీకి పెట్టుబడి అతనిదే.

అప్పుడు సదాశివరావు లేచాడు. గన్‌ఫౌండ్రీలో బ్యాంకు గుమాస్తా, చదువుకున్నవాడు, నా దుకాణానికి ఎన్నడూ రాని మనిషి. సందులో పోతూ ఆ పాట విని లోపలికి వచ్చాడట.

“జర ఒక్క మాట. గిది మా స్వామివారి ధ్యానంల పుట్టిన నాదం గదా? కవరు మీద మీ పేర్లెందుకు ఏసుకున్నరు?”

మళ్లీ నవ్వులు. అతను మాత్రం నవ్వలేదు. చాదర్‌ఘాట్‌లో ఒక స్వామి గురువారం గురువారం సత్సంగం పెడుతున్నాడట. తెర వెనక నుంచి ఈ నాదం వస్తుందట. వాయించే చెయ్యి ఉండదు, వాద్యం ఉండదు, విన్నవాళ్ల రోగాలు పోతాయట.

“మా ఇంటామెకు క్షయ. రోజూ దవాఖానకు పోయి సూది ఏయించుకునుడు బంద్ చేసినం. స్వామివారే వద్దన్నరు. గీ నాదం ముంగట కూసుంటే చాలన్నరు.”

ఆ ఇంటామె అక్కడే ఉంది. తలుపు దగ్గర స్టూలు మీద, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, రెండు మెట్లు ఎక్కినందుకే రొప్పుతూ ఉంది. పేరు అనసూయమ్మ.

కాంట్రాక్టరు నర్సింగ్‌ను కౌంటరు పక్కకు లాగాడు. నాకే కాదు, ముందు రెండు వరుసలకూ ప్రతి మాటా వినబడింది. “స్వామికి రికార్డు ఇచ్చింది నేనే. నువ్వు నోరు మూసుకో. ఎవరి నమ్మకం వాళ్లది. ఎల్పీ కావాల్నా, వద్దా?”

రెండో వరుసలోంచి ఒక కాలేజీ లెక్చరరు వంత పాడాడు. “నమ్మకం మనసుకు ఊరటనిస్తుంది లెండి. ఎందుకు చెరపడం?”

ఊరట! క్షయ ఊపిరితిత్తుల్ని తినేస్తున్న మనిషికి ఊరట! ఇదే లెక్చరరు ఇంట్లో పిల్లకు ఒళ్లు వెచ్చబడితే డాక్టరు బ్యాగు పట్టుకుని పరుగెత్తుకు రావాలి. ఊరట ఎప్పుడూ పక్కింటివాళ్ల రోగానికే.

నర్సింగ్ సువార్త దగ్గరికి జరిగాడు. “అక్కా, ఎల్పీ పోతది,” అన్నాడు మెల్లగా.

“పోతే పోనీ తమ్మీ. ఆమె పోతే మళ్ల వస్తదా?”

కాంట్రాక్టరు ఆమె మీదికి తిరిగాడు. “మీ చర్చి కూటాలల్ల నూనె రాసి రోగాలు పోగొట్టరా, టీచరమ్మా?”

“పోగొడ్తమంటరు. గాడ గూడా గిట్లనే అడిగిన. అప్పటిసంది మా పాస్టరుగారు ఆర్గన్ నాతోని వాయించుకుంటడు గనీ మాట్లాడడు.”

నర్సింగ్ పెట్టె స్విచ్చి వేశాడు. అనసూయమ్మ దగ్గరికి వెళ్లి, “అమ్మా, జర గీడికి రా. కడ్డీ ముట్టకు. చెయ్యి గట్ల పట్టు, చాలు,” అన్నాడు.

ఆమె చెయ్యి చాచింది. స్వరం లేచింది. సత్సంగంలో ఆమె కళ్లు మూసుకుని విన్న ఆ గొంతే. చెయ్యి వెనక్కి తీస్తే అది దిగింది, ముందుకు చాస్తే మళ్లీ లేచింది. ఆమె చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వులోనే దగ్గు తెర వచ్చింది. ఒళ్లంతా ఊగిపోయింది, చాచిన చెయ్యి వణికింది. ఆ దివ్యనాదం కూడా వణికి, తెగి, ముక్కలు ముక్కలుగా ఎగిరిపడింది.

దగ్గు ఆగాక ఆమె భర్త వైపు తిరిగింది. “నేను దగ్గితే గిది గూడా దగ్గుతున్నదయ్యా. గిది నన్నేం బాగు చేస్తది? రేపు పొద్దుగాల దవాఖానకు పోదం.”

“మరి స్వామివారికి ఏం చెప్పాలె?”

“నాకు దమ్ము ఆడ్తలేదు, నీకు స్వామి ఫికరా?”

కాంట్రాక్టరు చాయ్ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. దానితో పెట్టుబడీ పోయింది. ఆ ఎల్పీ ఇవాళ్టికీ రాలేదు. అనసూయమ్మకు చికిత్స మళ్లీ మొదటినుంచి పెట్టారు. చాలాకాలం పట్టింది, కానీ బతికింది. ఒకరోజు రొప్పకుండా నా దుకాణం మెట్లెక్కి, “గా పెద్ద రికార్డు ఎప్పుడొస్తది?” అని అడిగింది. ఏమని చెప్పను?

సత్సంగం మాత్రం ఆగలేదు. స్వామికి వేరే నాదం దొరికింది. నా దుకాణంలో కూర్చుని, ఆ దగ్గు చెవులారా విన్న లెక్చరరు మరుసటి గురువారమే అక్కడ ముందు వరుసలో ఉన్నాడు. నా కోపం స్వామి మీద కంటే అతని మీదే ఎక్కువ. మోసగాడు ఒక్కడే. వాడికి కుర్చీలు వేసి, “చెరపడం ఎందుకు” అని కాపలా కాసే మర్యాదస్తులు ఊరినిండా ఉన్నారు. ఇలాంటి మూఢనమ్మకాల మీద నేను ఎన్నో వేదికలెక్కి వాదించాను, కరపత్రాలు పంచాను. ఒక రోగిని తన చేత్తో తానే పరీక్షించుకోనిచ్చిన ఆ రెండు నిమిషాలు చేసిన పని నా ఉపన్యాసాల్లో ఒక్కటీ చేయలేదు.

మీ గల్లీలోనూ ఎవరో మందు మానేసి, ఎవరి మాటో నమ్ముకుని కూర్చున్నారు. ఎవరో మీకు తెలుసు. ఎవరి నమ్మకం వాళ్లదని రోజూ ఆ గడప దాటిపోతున్నారు. చదివింది చాలు, లేవండి. వెళ్లి ఆ తలుపు తట్టండి. రిక్షా పిలిచి, పక్కన కూర్చుని, దవాఖానకు తీసుకుపోండి.