ముగించే మాట దొరకని ఉపన్యాసం

నమ్మలేని వాళ్లుంటే ఇప్పుడే లేచి పొండప్పా. కూర్చున్నవాళ్లు మాత్రం కడదాకా నమ్మల్ల. మొన్న హోసూరులో నేను ఇంగ్లీషులో ఉపన్యాసం మొదలుపెట్టినాను. మొదలుపెట్టడం వరకు నాకు ఎదురే లేదు.

మా ఆవిడ తమ్ముడు మునిరత్నం ఆడ ఫ్యాక్టరీలో రిటైరయినాడు, వాడి వీడ్కోలు సభ అది. వాళ్ల మేనేజరుది ఉత్తరాది, మన మాట రాదు. "నువ్వు ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పు బావా. ఆ తర్వాత మా జతగాళ్లతో నేను నాలుగు మాటలు చెప్పుకుంటాను. సైరన్ కొట్టేలోగా కావల్ల, కొడితే హాలంతా షిఫ్టుకి లేచిపోతుంది" అన్నాడు. ఆ నాలుగు మాటల కోసం వాడు రోజూ అద్దం ముందర నిలబడుతున్నాడంట.

కృష్ణగిరిలో బస్సెక్కింది మొదలు నా రిహార్సల్. శూలగిరి దాటేసరికి కండక్టరు టిక్కెట్టు అడగడమే మరిచిపోయినాడు.

హాల్లో మైకు పట్టుకున్నాను. హొగెనకల్లో నీళ్లు దూకినట్టు దూకింది ఇంగ్లీషు. మేనేజరు కండ్లు తుడుచుకున్నాడు. కంట్లో దుమ్ము పడిందని తర్వాత ఎవరో అన్నారు, అది కుళ్లు.

ఇంక ముగించల్ల. దానికని ఒక ఘనమైన మాట ఎంచిపెట్టుకున్నాను, సమయానికి అది ఎగిరిపోయింది. పోతే పోయింది, ఇంగ్లీషులో మాటలకి కరువా అనుకున్నాను. 'ఫినిష్' అందామంటే రౌడీలు మనిషిని లేపేసేటప్పుడు అనే మాట, పక్కనే మునిరత్నం దండేసుకుని కూర్చోనుండాడు. 'క్లోజ్' అంటే ఫ్యాక్టరీ మూస్తున్నారని పుకారు పుడుతుంది. 'ఎండ్' మరీ పొట్టి, నా ఉపన్యాసానికి యాడ సరిపోతుంది? 'టర్మినేట్' నోటిదాకా వచ్చింది. వెనక వరుసలో కాంట్రాక్టు కుర్రోళ్లని చూసి మింగేసినాను.

మాట దొరికేదాకా ఊరకే నిలబడలేను కదా. మునిరత్నం చిన్నతనం మళ్లీ చెప్పినాను. దాన్నుంచి మామిడికాయలకి పోయినాను, ఆడనుంచి రాయకోట కొండెక్కినాను, దిగే దారి కనబడలేదు. చొక్కా తడిసిపోయింది. ముందు వరుసలో మా ఆవిడ కొళాయి కట్టేసినట్టు చెయ్యి తిప్పుతా ఉంది. క్యాంటీన్ నారాయణప్ప చల్లారిన టీని మళ్లీ కాచేదానికి తీసుకుపోయినాడు. మునిరత్నం ఒకసారి గడియారం చూసి, ఒకసారి నన్ను చూసి, తల దించుకున్నాడు. ఆ చూపుకి నాకు వచ్చిన ఇంగ్లీషు కూడా పోయింది.

సైరన్ కొట్టేసింది.

కుర్చీలు కదిలినాయి. వాడి నాలుగు మాటలు నా నోట్లో పడి పోయినాయే. మునిరత్నం లేచొచ్చినాడు. నా చేతిలోని మైకు మెల్లిగా తీసుకుని, పోతావున్న జనం పక్క తిరిగినాడు.

"చాలప్పా. టీ తాగి పోండి."

అంతే. వాకిలి దాకా పోయినోళ్లు వెనక్కొచ్చి చప్పట్లు కొట్టినారు. ఏమీ అర్థం కాని మేనేజరు కూడా లేచి కొట్టినాడు. ఒక్కొక్కరే వచ్చి వాణ్ణి కావిలించుకుంటా ఉంటే షిఫ్టు ఆలస్యంగా మొదలైంది. ఆ చప్పట్లలో సగం నావే, దాంట్లో వాదన లేదు.

తిరుగు బస్సులో శూలగిరి దగ్గర ఆ ఘనమైన మాట గుర్తొచ్చింది. లేచి నిలబడి "కన్‌క్లూడ్" అని గట్టిగా అన్నాను.

"ఈడ స్టాపు లేదు తాతా, కూర్చో" అన్నాడు కండక్టరు.

ఇంకా నమ్మకం కుదరలేదా? మా ఆవిడని మాత్రం అడగొద్దండి, ఆమె చెప్పే కథ వేరే. టీ మూడుసార్లు కాచిన మనిషి ఉండాడు, క్యాంటీన్ నారాయణప్పని అడగండి.