పెద్దాడి గది

ఇప్పుడు ఇల్లు కట్టాలంటే ముందు ఫోన్లోనే చూసేసుకుంటున్నారు. సోఫా ఎక్కడ వస్తుందో, గోడకు ఏ రంగు నప్పుతుందో అన్నీ కనబడుతున్నాయి. మా పెళ్ళైన కొత్తలో ఇవేవీ తిరువూరు దాకా రాలేదు. స్థలంలో ముళ్ళకంప కొట్టించి, తాళ్ళు కట్టి, నేల మీద సున్నంతో ముగ్గు పోయిస్తే అదే ప్లాను. ఆ తెల్లగీతల మధ్య నిలబడి మిగతాదంతా ఊహించుకోవాలి. ఊహించుకోవడంలో మా ఇద్దరికీ ఎవరూ సాటి వచ్చేవారు కాదు, మా కొంప ముంచింది కూడా అదే (ఇల్లు మాత్రం ఇప్పటికీ దిట్టంగానే ఉంది లెండి).

నేను విస్సన్నపేటలో అయిదుగురు అన్నదమ్ముల్లో ఆఖరివాణ్ణి. అందరం ఒకే గదిలో, మామిడికాయలు మాగేసినట్టు వరసగా పడుకునేవాళ్ళం. నాదంటూ ఒక మూల, ఒక దుప్పటి ఎరగను. మా ఆవిడది పెనుగొలను. ఒక్కతే కూతురు. అష్టాచెమ్మా ఆడాలంటే రెండు వైపులా తనే కూర్చునేదట. ఒక పందెం వేసి, లేచి ఎదురుగా వెళ్ళి ఇంకో పందెం. "గెలిచినా సంతోషం ఉండేది కాదండీ, ఓడింది కూడా నేనేగా," అని నాకు చెప్పింది. అందుకని ఆవిడకు పిల్లలు కావాలి. నలుగురికి తగ్గితే ఒప్పుకోదు. నాకేమో గదులు కావాలి. ఇద్దరి కోరికలూ కలిపి, నలుగురు పిల్లలు, మనిషికో గది అని ఖాయం చేసుకున్నాం. సెంటర్లో నా పురుగుమందుల కొట్టు అప్పుడప్పుడే నిలదొక్కుకుంటోంది. పత్తి రైతులు నన్ను సార్ అనడం మొదలుపెట్టారు. ఆ పిలుపుతో మనిషికి లేని ధైర్యం వస్తుంది.

ఖాళీ స్థలంలో గీసిన గది ఎప్పుడూ చిన్నదిగానే కనబడుతుంది. గోడలు లేస్తే పెద్దదవుతుందని మేస్త్రి చెబుతూనే ఉన్నాడు. మా ఆవిడ వింటేనా? మూడోవాడి గదిలో నిలబడి, "ఏమండీ, ఇందులో మంచం పడుతుందా?" అంది. పడుతుందన్నాను. "మనిషి పడతాడా?" అంది. చూస్తే పోలా అని ఆ గీతల మధ్య మట్టిలో వెల్లకిలా పడుకున్నాను. రోడ్డు మీద పోయే షేర్ ఆటో ఆగింది (నాకేదో అయిందనుకుని డ్రైవరు నీళ్ళ సీసాతో దిగి వచ్చాడు కూడా). మా ఆవిడ ఇవేవీ పట్టించుకోకుండా నా కాళ్ళ దగ్గర నిలబడి ఆలోచించి, "వాడికి మీ మేనమామ పోలిక వస్తే కాళ్ళు గోడ దాటతాయి," అని తేల్చింది. మా మేనమామ ఆరడుగుల పైమాటే. మూడోవాడి కాళ్ళ కోసం వంటిల్లు కుదించాం. ఆ వంటింట్లో ఈనాటికీ ఇద్దరు ఉంటే మూడో మనిషి గుమ్మం బయట నిలబడాలి.

అసలు గొడవ కిటికీ దగ్గర వచ్చింది. తూర్పు వెలుగు వచ్చే పెద్ద గది ఒక్కటే పడింది. "అది పెద్దాడిది. పదో తరగతికి పొద్దున్నే లేచి చదవాలి కదండీ," అంది మా ఆవిడ. నాకు తిక్కరేగింది.

"ఎప్పుడూ పెద్దాడికేనా? ఆఖరివాడు మనిషి కాదా? అన్నలు విడిచిన చొక్కాలు, అన్నలు విడిచిన పుస్తకాలు, ఇప్పుడు మిగిలిన గది కూడా వాడికేనా?"

"చిన్నపిల్లాడే కదా, అన్న గదిలోకి వెళ్ళి ఆడుకుంటాడు."

"ఆడుకోనిస్తాడా నీ పెద్దకొడుకు?"

"నా కొడుకు అలాంటివాడు కాదు!" అంటూ మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పుట్టని కొడుకు మీద నేను నింద వేశానని ఆ పూట అన్నం ముట్టలేదు. నేనూ తగ్గలేదు, అటు తిరిగి కూర్చున్నాను. మా అమ్మ ఇద్దరినీ చూసి, "ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటే విన్నాను గానీ, ఆ సోమలింగం కిటికీ కోసం మొగుడూ పెళ్ళాలు అలగడం ఇప్పుడే చూస్తున్నానర్రా," అని పొట్ట పట్టుకుని నవ్వింది. చివరికి గది పెద్దాడికే దక్కింది.

మేస్త్రి మాత్రం నవ్వలేదు. గదికో పేరుండటం ఆయనకు పనిలో సుఖంగా ఉంది. "పెద్దబాబు గదికి లింటెల్ పోసేశామండి, అమ్మాయిగారి గదికి రేపు," అని నా కొట్టు దగ్గరికి వచ్చి చెప్పి వెళ్ళేవాడు. వినడానికి ఎంత బాగుండేదో. పిల్లలు బడికి వెళ్ళారు, సాయంత్రానికి వచ్చేస్తారు అన్నట్టుండేది. గృహప్రవేశం రోజు పాలు పొంగించాక మా ఆవిడ చుట్టాలను వెంటబెట్టుకుని, "ఇది పెద్దాడిది, ఇది అమ్మాయిది, ఇది మూడోవాడిది, అది ఎవరొస్తే వాళ్ళది," అని చూపిస్తుంటే అందరూ పడీపడీ నవ్వారు. మేమూ నవ్వాం.

ఆ తరువాత చాలా కాలం ఎవరూ రాలేదు. మొక్కులు, మందులు, విజయవాడ బస్సులు అన్నీ అయ్యాక అమ్మాయి పుట్టింది. కాన్పు కష్టమైంది. దానికి ఏడాది నిండాక మళ్ళీ చూపించుకోవడానికి వెళితే, ఇంకో కాన్పు అంటే ప్రాణాల మీదికి వస్తుంది, ఆ ఆశ పెట్టుకోవద్దు అని డాక్టరమ్మ చెప్పేసింది. తిరుగు బస్సులో పిల్లను ఒళ్ళో వేసుకుని మా ఆవిడ మైలవరం దాకా దాని జుట్టు సవరిస్తూనే కూర్చుంది. పత్తికి పట్టిన ఏ పురుగుకైనా నేను మందు చెప్పగలను. ఆవిడకు ఏం చెప్పాలో నాకు తెలియలేదు. మైలవరం దాటాక తనే అంది. "హాల్లో బియ్యం బస్తాలు ఎలకలు కొడుతున్నాయండీ. పెద్దాడి గదిలో వేయించండి." అలాగే అన్నాను. ఆ విషయం గురించి మేమిద్దరం ఇప్పటికీ అంతకుమించి మాట్లాడుకోలేదు.

బస్తాలు వెళ్ళాయి గానీ పేరు వెళ్ళలేదు. మూడోవాడి గదిలో పాత కూలరు, ఎవరొస్తే వాళ్ళ గదిలో ఇస్త్రీ బల్ల. సుత్తి ఎక్కడుందని అడిగితే "మూడోవాడి గదిలో చూడండి" అంటుంది, నేను వెళ్ళి తెచ్చుకుంటాను. అమ్మాయికి ఊహ వచ్చాక, "పెద్దాడికి పెద్ద గది, నాకు చిన్నదీనా? మీకు వాడంటేనే ఇష్టం," అని మా మీద పోట్లాటకు వచ్చింది. పోనీ బస్తాలు తీయిస్తాం, నువ్వే తీసుకోమంటే, కాసేపు ఆలోచించి, "వద్దులే, వాడు బాధపడతాడు," అంది. ఇంతా చేసి రాత్రికి ఏ గదిలోనూ పడుకునేది కాదు, మా ఇద్దరి మధ్యే దాని చోటు. ఇప్పుడు విజయవాడ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. రోజూ సాయంత్రం ఫోన్ చేస్తుంది.

మొన్న వేసవిలో ఇంటికి రంగులు వేయించాం. వచ్చిన పెయింటరు దాదాపు నా ఈడువాడు, మాకు కొత్త. మా ఆవిడ చీర కొంగు దోపుకుని, "పెద్దాడి గదికి లేత నీలం వెయ్యి. మూడోవాడి గదికి నీ దగ్గర ఏది మిగిలితే అది," అని పురమాయిస్తోంది. అతను డబ్బా మూత తీస్తూ, "పెద్దబాబు ఎక్కడుంటాడండీ?" అన్నాడు.

నేను చదువుతున్న పేపరు దించాను. మా ఆవిడ తడబడలేదు. "హైదరాబాదులో. ఉద్యోగం," అంది.

"మరి మూడో అబ్బాయండీ?"

ఆవిడ నా వైపు చూసింది. నా వంతు అని అర్థమైంది. "వాడికింకా కుదురు రాలేదయ్యా," అన్నాను.

"ఫోన్లూ అవీ చేస్తుంటారా?"

"ఎక్కడ! మా అమ్మాయే రోజూ చేస్తుంది," అంది మా ఆవిడ.

"మగపిల్లలు అంతేనండి. మా వాళ్ళూ అంతే," అని అతను బ్రష్షు ముంచుకుని పనిలో పడ్డాడు.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళు వాళ్ళ గదులు వాళ్ళకే అట్టిపెట్టి ఉంచామే, ఒక్కడంటే ఒక్కడు ఫోన్ చేసి, నాన్నా ఎలా ఉన్నావని అడగడేంటి, వెధవలు! అని పళ్ళు కొరికాను కూడా. మరుక్షణమే నవ్వొచ్చింది. నెత్తి నెరిసింది గానీ నాకు బుద్ధి మాత్రం రాలేదు. మా ఆవిడ నా మొహం చూసి దగ్గరికి వచ్చింది.

"పోనీలెండి," అంది మెల్లగా. "ఎక్కడున్నా చల్లగా ఉంటే చాలు."