విమానాలు వేసిన చేను

నేను ఏడో తరగతిలో బడి మానేశానని అందరికీ చెబుతుంటాను. మా లెక్కల మాస్టారు మాత్రం, బడే నన్ను మానేసిందని సరిదిద్దేవారు. చదువు రాలేదు కానీ మాట బాగా వచ్చింది. పెళ్లికెళ్లినా చావుకెళ్లినా నలుగురు చుట్టూ చేరి, ఏమంటానా అని నా నోటివంక చూస్తారు. చివరికి ఆ నోరే నా రెండెకరాల చేను మింగింది.

మా పొలాల పక్కన తెల్లదొరల కాలంలో వేసి వదిలేసిన పాత రన్‌వే ఉంది. దాని మీద విమానం వాలడం నేనెప్పుడూ చూడలేదు. మాకది మిరప కల్లం. మాఘమాసం వచ్చేసరికి ఊరు ఊరంతా కోసిన కాయను దాని మీదే ఆరబోస్తుంది. ఎవరి జాగా ఎంతవరకో సున్నం గీతలు చెబుతాయి. గీత దాటితే అన్నదమ్ములైనా అరుచుకోవాల్సిందే. ఆ ఎర్రటి కాయల మధ్య కూర్చుని ఆడవాళ్లు తాలుకాయ ఏరుతుంటే, పైన పోయే విమానంలోంచి మా కల్లం ఎలా కనబడుతుందోనని చిన్నప్పుడు తెగ ఆలోచించేవాణ్ణి.

ఆ రన్‌వేను పొడిగించి, వెడల్పు చేసి విమానాశ్రయం కడతామన్నారు. నిజం చెప్పాలంటే నాకు విమానాల మీద పగేం లేదు. కల్లం పోతే ఇంకో గట్టినేల వెతుక్కోవచ్చు. చేను పోతే ఏం వెతుక్కుంటాం? ఆ మాటే అడిగితే, సాగులో ఉన్న భూములను వీలైనంత వరకు తప్పించి బీళ్ల మీదుగా కంచె వేస్తామని అధికారి ఊళ్లోకొచ్చి చెప్పాడు. గుండె కుదుటపడింది.

ఆ ఏడు నా మిరపకు నల్ల తామర పురుగు పట్టింది. చిలకలూరిపేట నుంచి తెచ్చిన మందులన్నీ కొట్టాను. పురుగు బలిసింది, నేను చిక్కాను. రెండో కోత కాగానే చెట్లు పీకించి, చేను దున్ని వదిలేశాను. చేతికొచ్చిన కాస్త కాయా రన్‌వే మీద ఎండుతోంది. సర్వేయరు సరిగ్గా ఆ వారమే వచ్చాడు.

కల్లం మీదున్న జనమంతా ఆయన చుట్టూ మూగారు. సర్వేయరు నా చేను దగ్గర ఆగి, "ఇందులో ఏం వేశారండీ?" అని అడిగాడు.

జనం నా నోటివంక చూశారు.

"విమానాలేశానండి. విత్తనం పడింది, ఇంకా మొలక రాలేదు."

అందరూ నవ్వారు. సర్వేయరూ నవ్వాడు. నవ్వుతూనే ట్యాబులో ఏదో కొట్టుకున్నాడు. నా జోకు రాసుకుంటున్నాడనుకుని మురిసిపోయాను. అంతకుముందు పంట నమోదు చేయించుకోమని వ్యవసాయ శాఖ వాళ్లు చెబితే, "నా చేలో ఏముందో నాకు తెలీదా" అని నవ్వేసిందీ నేనే.

నెల తిరక్కుండా పంచాయతీ ఆఫీసు గోడకు జాబితా అంటించారు. అటు చేను సాగులో ఉంది, ఇటు చేనూ సాగులో ఉంది. నా సర్వే నంబరు ఎదురుగా "బీడు" అని ఉంది. మూడుసార్లు చదివాను. మూడుసార్లూ బీడే. కంచె అటూ ఇటూ వాళ్లను వదిలేసి, నా చేను మీదుగా పోతుందట.

గ్రామసభలో లేచి నిలబడ్డాను. నోరు తెరవకముందే ముందు వరస నవ్వడం మొదలెట్టింది.

"అయ్యా, అది బీడు కాదండి. మా నాన్న దగ్గర్నుంచీ మిరపే వేస్తున్నాం. బోరు కూడా ఉంది, వచ్చి చూసుకోండి."

"అదేంటి బాబాయ్, విమానాలేశానన్నావుగా," అన్నాడు వెనకనుంచి ఒకడు. "మొలిచాయా మరి?"

సభంతా గొల్లుమంది.

"ఒరేయ్, నేను నిజం చెబుతున్నానురా," అంటుంటేనే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అది చూసి వాడు చప్పట్లు కొట్టాడు. వాణ్ణి ఏమనను? పోయినేడు వాళ్ల తాత పెద్దకర్మ రోజున ఇలాగే దొంగ ఏడుపు ఏడ్చి, వాణ్ణి నవ్వించింది నేనే. నా దగ్గర అసలు ఏడుపు కూడా ఉంటుందని వాడికెలా తెలుస్తుంది?

అధికారి మర్యాదస్తుడు. "మీరు చెప్పిందే కదండీ రాశారు. అభ్యంతరం అర్జీగా పెట్టండి, పైకి పంపుతాం," అన్నాడు.

ఆ అర్జీ మాత్రం ఎవరిచేతా రాయించలేదు. ఏడో తరగతితో ఆగిన చేత్తోనే, ఒక్క జోకు లేకుండా, పేజీన్నర రాసిచ్చాను. నా జన్మలో నేను అంత బుద్ధిగా మాట్లాడింది ఆ కాగితం మీదే. దానికి జవాబు రాలేదు. మొన్న చేలో సరిహద్దు రాళ్లు మాత్రం పాతారు.

రాళ్లు చూసి ఇంటికి నడుస్తున్నాం. నా భార్య వెనకాలే వస్తోంది. తిట్టడం లేదు, ఏడవడం లేదు. అలవాటైన నోరు ఊరుకుంటుందా?

"పోనీలేవే. ఎప్పటికైనా మనమూ ఇక్కడే విమానమెక్కుదాం," అన్నాను.

ఆవిడ ఆగింది.

"ఎక్కుదాంలేవయ్యా. పైకెళ్లాక కిందికి చూసి, మన చేనేదో చూపించు. అప్పుడు నవ్వుతా."